ఒక్క చలికాలం కోసం

తారిన్నాఖ్,
27 నవంబరు 1983

వర్వారాకి అక్క అకులీనా రాస్తున్నది.

నాన్నతో క్షేమంగా క్రాస్నోదార్ చేరామని తంతి కొట్టావు. ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. దక్షిణాది ఎండ తగిలేసరికి నీ చేతికి బద్ధకం పట్టిందా ఏమిటే? ఊళ్ళో ప్రతివాళ్ళూ "ప్రొకోపీ తాత ఎలా ఉన్నాడు?" అని అడుగుతున్నారు. బాగానే ఉన్నాడని చెప్పి చెప్పి నాకే అనుమానం వస్తోంది.

ఇక్కడ సంగతి అడగకు. నిన్న మైనస్ యాభై ఒకటి. ఇంకా డిసెంబరు కూడా రాలేదు. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే గుమ్మంలో నిలబడితే మన కంచె మనకి కనపడదు. ఆవు పొదుగుకి బొచ్చుగుడ్డ కట్టి బయటికి వదిలితే, ఆ ముదనష్టపుది ముళ్ళకంపకి రుద్దుకుని తెంపేసుకుంది. అది కుట్టే పని ఇంకొకటి నాకు.

చలికాలం తాగునీళ్ళకి సరస్సు మీద మంచుగడ్డలు కోసి తెచ్చుకున్నాం. మన అవ్వ (సరస్సుని పేరు పెట్టి పిలవకూడదని నాన్న నేర్పాడుగా, నువ్వు మరిచిపోయి ఉంటావు) ఈ ఏడు మంచి గడ్డే ఇచ్చింది. నాన్న ఎప్పుడూ కోసే చోటే, కొండకొమ్ము పక్కన కోశాం. పెరట్లో పేర్చాం. మా గవ్రిల్ కోశాడు గానీ నాన్న కోసినట్టు నున్నగా రాలేదు. నాన్న చూసుంటే అల్లుడికి నాలుగు చీవాట్లు పడేవి.

చిన్నప్పుడు కిటికీలకి అద్దాల బదులు మంచుపలకలు పెట్టుకున్న రోజులు గుర్తున్నాయా? నువ్వు పొయ్యి పక్కన పడుకునేదానివి, నేను గోడ పక్కన. పొద్దున లేచేసరికి నా జుట్టు గోడకి అంటుకుపోయి ఉండేది. నీకేం తెలుస్తుందిలే.

అసలు మాట. ఒక్క చలికాలం అన్నావు. ఈ గాలి ఆయన ఊపిరితిత్తులకి పడదని డాక్టరు చెప్పాడన్నావు. సరేనన్నాను. మార్చి రాగానే తీసుకొచ్చి నాకు అప్పజెప్పాలి. మాట తప్పావో, నేనే వచ్చి తీసుకుపోతాను.

నీ అక్క

———

క్రాస్నోదార్,
15 డిసెంబరు

అక్కా,

పొయ్యి పక్కన పడుకున్నది నువ్వే. నేను గుమ్మం దగ్గర. పక్క కొట్టంలోకి ఆవులు వచ్చిపోయినప్పుడల్లా లోపలికొచ్చే చలి అంతా నామీదికే. నాన్నని అడిగితే "ఇద్దరూ అమ్మ కంబళి కిందే పడుకునేవాళ్ళు, నోరు మూసుకోండి" అన్నాడు.

నీ ఉత్తరం ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. కళ్ళకి ఇంక అక్షరాలు ఆనవు. కానీ చెవులున్నాయి చూడు! ఎక్కడైనా ఒక మాట దాటేస్తే పట్టేస్తాడు. "గొంతు జారింది, ఏదో మింగావు, వెనక్కి వెళ్ళు" అంటాడు.

ఇక్కడ చలి లేదని నువ్వు అనుకుంటున్నావు. వచ్చి చూడు. ప్లస్ నాలుగు. రోజంతా వాన. గోడలకి చెమ్మ. నాన్న ఇంట్లో కూడా నక్కతోలు టోపీ తియ్యడు. మా ఆయన నికొలాయ్ ఊరుకోకుండా, "మైనస్ అరవైలో పుట్టిన మనిషి ప్లస్ నాలుగుకి వణకడమేమిటి మామయ్యా?" అన్నాడు. "అల్లుడూ, అక్కడ వణకడానికి తీరిక ఉండదు" అని నాన్న జవాబు. తర్వాత నాతో అన్నాడు: "మన చలి ఎదురుగా వచ్చి కొడుతుందే. ఇది వెనకనించి వచ్చి చొక్కాలో దూరుతుంది. మర్యాద తెలియని చలి."

తినడం మాత్రం సరిగ్గా తినడం లేదు. దగ్గు కాస్త తగ్గింది. అన్నిటికంటే గొడవ టీతో. కుళాయినీళ్ళతో కాస్తే మేకు నాకినట్టుందంటాడు. సీసానీళ్ళు తెచ్చాను. అవీ వద్దట. "అవ్వ మంచు ఒక్క ముక్క ఉంటే" అని ఒకటే పాట. చిన్నపిల్లాడైపోయాడు. అక్కడినించి మంచుగడ్డ ఎవరు మోసుకొస్తారు చెప్పు!

మాట తప్పుతానని ఎందుకనుకుంటావు? నాకూ ఆయన నాన్నే.

వర్వారా

———

తారిన్నాఖ్,
4 జనవరి 1984

వర్వారా,

ఎవరు మోసుకొస్తారన్నావు గదా. మన కాంపౌండరు సెమ్యోన్ సెలవు మీద నల్లసముద్రం చూడ్డానికి వెళుతున్నాడు. దారిలో మీ ఊళ్ళో దిగుతాడు. వాడి చేత పంపిస్తున్నాను. గవ్రిల్ కొత్తగా కోశాడు, తలదిండంత గడ్డ, లోపల ఒక్క బుడగ లేకుండా. గడ్డిలో పెట్టి, గుర్రప్పిల్ల తోలు చుట్టి కట్టాను. "ఇదేం మోత అకులీనా, జనం నవ్వుతారు" అన్నాడు సెమ్యోన్. నవ్వనీ. మా నాన్న తాగుతాడు.

కరిగించి టీ కాచి ఇవ్వు. పాలు ఎక్కువ పొయ్యి. మిగిలింది నువ్వూ తాగు. ఎన్నేళ్ళయిందో నువ్వు మన నీళ్ళు తాగి.

ఇక్కడ మైనస్ యాభై ఎనిమిది. బడి మూసేశారు. విమానం ఒకరోజు వస్తే నాలుగురోజులు రాదు. ఊపిరి వదిలితే చెవి పక్కనే సరసరమని గడ్డకడుతోంది. సరిగ్గా అమ్మ పోయిన ఏడులాగే ఉంది. నువ్వప్పుడు ఇర్కూత్స్క్‌లో చదువుకుంటున్నావు, రాలేకపోయావు. అందుకు నిన్నేమీ అనడం లేదు. కానీ చూసినదాన్ని నేను. అమ్మకి గొయ్యి తవ్వడానికి దుంగలు పేర్చి మంట వేస్తే జానెడు నేల కరిగేది. అది గీకి తీసి మళ్ళీ మంట. గొయ్యి దిగేసరికి మగవాళ్ళు మనుషుల్లా లేరు. గవ్రిల్‌కి రెండు వేళ్ళు పోయింది అప్పుడే. తను ఇవాళ్టికీ ఆ మాట ఎత్తడు. నాన్న మాత్రం ఆ చెయ్యి చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేవాడు.

ఇదంతా ఎందుకు రాశానో నాకే తెలియదు. ఇల్లు బోసిగా ఉంది. ఆయన దగ్గు వినపడకపోతే నాకు నిద్ర పట్టడం లేదంటే నమ్ము.

టీ తాగి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

అక్క

———

క్రాస్నోదార్,
21 జనవరి

అక్కా,

ఎలా రాయాలో తెలియడం లేదు. నువ్వు తిడతావు. తిట్టు.

సెమ్యోన్ పొద్దున్నే వచ్చాడు, దారిలోనే సగం కరిగిందంటూ మూట ఇచ్చి వెంటనే బస్సుకి వెళ్ళిపోయాడు. నాన్న ఇంకా లేవలేదు. లేచాక చూపించి ఆశ్చర్యపరుద్దామని మూట తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టాను. విన్నావా? బాల్కనీలో! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మనం ఏం చేశాం? మాంసమైనా, చేపైనా, పాలగడ్డైనా, చలికాలం వస్తే గుమ్మం బయట పెట్టడమే గదా. చెయ్యి దానంతట అదే తలుపు తీసింది. పక్కనే ఫ్రిజ్ ఉంది. దాని మీద చెయ్యి ఆనించే నిలబడ్డాను కూడా. ఆ రోజే, నెల తర్వాత మొదటిసారి ఎండ కాసింది.

నాన్న ఎండెక్కాక లేచి, కడుక్కుని, నేను "రా, నీకొకటి చూపిస్తా" అని తీసుకెళ్ళేసరికి తోలుమూట చదునుగా పడి ఉంది. నీళ్ళు కింది అంతస్తు ఆవిడ ఆరేసిన దుప్పట్ల మీద కారుతున్నాయి. ఆవిడ కిందనించి ఒకటే అరుపులు. నేను తడిగడ్డి పట్టుకుని ఏడుస్తున్నాను. నాన్న ఏం చేశాడో తెలుసా? నవ్వాడు. ఇక్కడికొచ్చాక మొదటిసారి. కళ్ళనీళ్ళు వచ్చేదాకా, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఊరు వదిలి ఇరవయ్యేళ్ళయినా నీ బుర్ర ఇంకా మన ఊళ్ళోనే ఉందే పిచ్చిదానా" అన్నాడు.

నవ్వు ఆగాక అన్నాడు: "అవ్వని ఇంత దూరం ఎందుకు ఈడ్చుకురావడం? నేనే పోతాను."

అప్పట్నించీ పట్టుబట్టి కూర్చున్నాడు. బొచ్చుబూట్లు తీయించి ఇంట్లో తొడుక్కుని తిరుగుతున్నాడు, కాళ్ళకి అలవాటు పోకూడదట. సరే, మార్చి మొదటివారానికి టికెట్లు తీశాం. నేనే తీసుకొస్తాను.

డాక్టరు మాత్రం ఒప్పుకోవడం లేదు. పొయ్యి పొగ, పక్కనే ఆవులకొట్టం, ఇవి ఆయన ఊపిరికి మంచివి కావట. ఇల్లు వెచ్చగా, కాస్త శుభ్రంగా ఉంచుతానని ఒక్క మాట రాయి. నాకు ధైర్యంగా ఉంటుంది. నాన్న కూడా నీ మాట కోసమే చూస్తున్నాడు.

వర్వారా

———

తారిన్నాఖ్,
9 ఫిబ్రవరి

వర్వారా గారికి,

శుభ్రంగా ఉంచుతానని రాసివ్వాలా? నీ ముందు చేతులు కట్టుకుని హామీ ఇవ్వాలా? అదే కొట్టం పక్కన పుట్టి, అదే పొగలో పెరిగినదానివి. ఇప్పుడు నీకు వాసన వచ్చిందా?

బాల్కనీ కథ ఎవరికి చెబుతావు? మన జాతిలో పుట్టిన ఆడది ఎండలో మంచు పెడుతుందా? పసిపిల్ల కూడా పెట్టదు. నీ మొగుడికి నామోషీ అయి ఉంటుంది. కంపుగొట్టే తోలుమూట ఇంట్లో వద్దన్నాడు, నువ్వు సరేనన్నావు, అంతే. పైగా ముసలాయన నవ్వాడని కూడా రాశావు. గవ్రిల్ ఆ గడ్డ కోసిన రోజు చెంపలు తెల్లగా చచ్చుబడిపోతే నేను రుద్ది రుద్ది బతికించాను. నవ్వండి. అందరూ కలిసి నవ్వుకోండి.

మాకిక్కడ నవ్వే తీరిక లేదు. పొయ్యి పగిలింది. అది పగిలిన పూటే దూడ గడ్డకట్టి చచ్చింది. మైనస్ అరవై దగ్గర తిరుగుతోంది. గోడకి లోపలివైపు అరచేతి మందాన మంచు పట్టింది. నీకు ఒక వాన పడితేనే చలి!

ఈ ఇల్లు ఆయనకి పనికిరాదంటే ఆయన్ని నువ్వే ఉంచుకో. ఇక్కడెవరూ ఆయన కోసం కాచుకుని కూర్చోలేదు. ఆయనకి పొయ్యి రాజేసే ఓపిక కూడా నాలో లేదు. ఉంచుకో.

అకులీనా

———

తారిన్నాఖ్,
13 ఫిబ్రవరి

వర్వారా,

ఆ ఉత్తరం చించి పొయ్యిలో పడెయ్యి. వెనక్కి తీసుకుందామని తపాలా ఆఫీసుకి పరిగెత్తాను. విమానం అప్పుడే లేచింది. ఆ తర్వాత మళ్ళీ పొగమంచు కమ్మేసింది. ఈ ఉత్తరం ఎప్పుడు బయల్దేరుతుందో.

దూడ చచ్చిన కోపం. ఆ పూట ఎవరు ఎదురుపడినా తిట్టేదాన్నే, దొరికింది నువ్వు. గవ్రిల్ నాతో మాట్లాడడం మానేశాడు. పొయ్యి కొత్తగా కట్టాడు. దాని పక్కనే నాన్న మంచం వేశాం. గోడకి గుర్రపుతోళ్ళు కొట్టాం, చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. ఆవుల్ని పొరుగింటి కొట్టానికి మార్చాం. నీ డాక్టరుతో ఆ మాట చెప్పు.

తీసుకురా. మార్చి మొదటివారమన్నావు, అలాగే తీసుకురా. నేను విమానం దగ్గర ఉంటాను.

అక్క

———

క్రాస్నోదార్,
28 ఫిబ్రవరి

అక్కా,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం అందింది. చాలా బాగా రాశావు.

నాన్న ఎప్పట్లాగే చదవమన్నాడు. బూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ప్రయాణానికి సిద్ధమైనట్టు కూర్చున్నాడు. సగం చదివి ఆగిపోయాను. "ఏం, అక్షరాలు కూడా గడ్డకట్టాయా? కానివ్వు" అన్నాడు. అప్పటికే నా ఒళ్ళు మండిపోతోంది. నా మొగుణ్ణి అన్నావు, నన్ను అన్నావు. నువ్వెలాంటిదానివో ఆయనా వినాలనిపించింది. నువ్వు రాసింది రాసినట్టు చదివాను. "ఉంచుకో" దాకా.

"రెండోసారి చదవనా?" అన్నాను. అక్కర్లేదన్నాడు. బూట్లు విప్పి మంచం కిందికి తోశాడు. టికెట్లు తిరిగి ఇచ్చెయ్యమని నికొలాయ్‌తో చెప్పాడు. నికొలాయ్ రెండురోజులు తాత్సారం చేశాడు, నీ దగ్గర్నించి ఇంకేదైనా వస్తుందేమోనని. నామోషీపడ్డాడన్నావే, ఆ మనిషే. ఏమీ రాలేదు. ఇచ్చేశాడు.

మొన్నట్నించి జ్వరం. కుళాయినీళ్ళ టీ ఇస్తే మాట్లాడకుండా తాగుతున్నాడు. నాకు అదే భయంగా ఉంది.

వర్వారా

———

తంతి. క్రాస్నోదార్, 6 మార్చి

నాన్న ఈ పొద్దున పోయాడు. వర్వారా.

———

తారిన్నాఖ్,
12 మార్చి

వర్వారా,

నీ తంతి పెద్దూరి దాకా వచ్చి ఆగిపోయింది. తీగలు తెగాయట. తపాలావాడు గుర్రపు జారుబండి మీద తెచ్చి ఇచ్చేసరికి ఆలస్యమైంది. వెంటనే అదే బండిలో తిరుగు తంతి పంపాను: "తీసుకురండి, అమ్మ పక్కన చోటు చేస్తున్నాం" అని. అందే ఉంటుంది. మీరు దారిలో ఉండి ఉంటారు. అయినా చేతులు ఊరుకోక రాస్తున్నాను.

అదే పూట మంటలు మొదలుపెట్టాం. మైనస్ నలభై ఏడు, ఈ ఏటికి ఇది దయే. ఊళ్ళో మగవాళ్ళు ఒక్కరు కూడా మానకుండా వచ్చారు. గవ్రిల్‌ని రావద్దన్నాం. వింటాడా! "మామకి నేనే తవ్వుతాను" అని అందరికంటే ముందు దిగాడు. చేతికి చేతొడుగు మీద చేతొడుగు వేసి కట్టాను. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇవాళ్టికి నడుంలోతు వచ్చింది. రేపటికి పూర్తవుతుంది.

విమానం వచ్చిన ప్రతిసారీ వెళ్ళి నిలబడుతున్నాను. నిన్న వచ్చినదాంట్లో పిండిబస్తాలు దిగాయి. నువ్వు దిగగానే తిట్టు, కొట్టు, పడతాను. ముందు ఆయన్ని దింపుకుందాం.

నా రెండో ఉత్తరం అందిందా? అది ఆయనకి చదివావా? అది ఒక్కటి చెప్పవే.

అక్క

———

క్రాస్నోదార్,
25 మార్చి

అక్కా,

నాన్నని ఇక్కడే పూడ్చాం. ఎనిమిదో తారీకున. శ్మశానం నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నీ తంతి వచ్చింది. నీ రెండో ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. ఆయనకి ఏం చదవను?

నీ మొహాన కొట్టినట్టు చెబుదామని మాటలు కూడగట్టుకుంటూ ఇన్నాళ్ళూ రాయలేదు. రాద్దామని కూర్చుంటే ఆ కోపం రావడం లేదు. జరిగింది రాస్తాను.

జ్వరంలో అడిగాడు, ఇప్పుడు అక్కడ ఎంత ఉంటుందని. ముప్పై అన్నాను. "అబద్ధం. నా మోకాళ్ళకి తెలుస్తుంది. యాభై" అన్నాడు. ఆ వెంటనే "నన్ను తీసుకెళ్ళకు" అన్నాడు. అదేం మాట నాన్నా, అక్క అలా రాసినంత మాత్రాన, అన్నాను. "దాని రాతకేం. అది చిన్నప్పట్నించీ అంతే, ముందు అరిచి తర్వాత ఏడుస్తుంది. ఈ చలిలో నన్ను తీసుకెళితే మళ్ళీ మంటలు వెయ్యాలి. గవ్రిల్ చేతికి ఇంకా ఎన్ని వేళ్ళున్నాయి గనక? ఇక్కడ పార వేస్తే దిగుతుంది. ఇక్కడే పెట్టెయ్యండి. పాపం అకులీనాకి ఓపిక లేదంది, దానికీ పని తప్పుతుంది" అన్నాడు. అంతే. మర్నాడు ఇంక మాట్లాడలేదు.

పార నిజంగానే దిగింది. ఇద్దరు మనుషులు పొద్దున మొదలుపెట్టి భోజనం వేళకి ముగించారు. కానీ వాన. గొయ్యిలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. బకెట్లతో తోడారు, మళ్ళీ ఊరాయి. చివరికి ఆ నీళ్ళలోకే దింపాం అక్కా. నేను వద్దని అరిచాను. ఇక్కడ అంతే, రోజూ ఇలాగే చేస్తాం అన్నాడు తవ్వినవాడు.

నక్కతోలు టోపీ పెట్టే పంపాను.

వర్వారా

———

తారిన్నాఖ్,
19 ఏప్రిల్

వర్వారా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. గవ్రిల్‌కి చదివి వినిపించలేక చేతికిచ్చాను. చదివి, పొరుగింటి కొట్టంలోకి వెళ్ళి ఆవుల మధ్య కూర్చున్నాడు. సాయంత్రం దాకా రాలేదు.

గొయ్యి అలాగే ఉంది. తవ్విన గొయ్యిని ఖాళీగా పూడ్చరు, ఖాళీగా వదలరు. నోరు తెరిచిన గొయ్యి ఎవరో ఒకరిని అడుగుతుందని ఊళ్ళో భయం. అగ్రఫేనా ముసలిది వచ్చి, ఒక దుంగకి బట్ట చుట్టి ప్రొకోపీ అని పేరు పెట్టి పూడ్చెయ్యమంది. మా నాన్న దుంగా! వెళ్ళగొట్టాను. పైన పలకలు పరిచి, అది నాదని ఊరికి చెప్పేశాను. ఇంక దాని జోలికెవరూ రారు.

నీకు తెలుసు గదా, ఇక్కడి నేల దేన్నీ చెడనివ్వదు. అమ్మ ఇప్పటికీ మేము పడుకోబెట్టిన నాటి ముఖంతోనే ఉండి ఉంటుంది. ఆమె పక్కన పడుకోవలసిన మనిషి ఎక్కడో వాననీళ్ళలో నానుతున్నాడు. అన్నం ముందు కూర్చుంటే అదే తలపుకి వస్తోంది.

ఎందుకు చదివావే ఆ మాట? చదువుతున్నట్టే చదివి ఆ ఒక్క ముక్క మింగేస్తే నీ సొమ్మేం పోయేది? ఆయన పట్టేస్తే పట్టేసేవాడు, దగ్గో తుమ్మో అని దాటెయ్యలేకపోయావా? ఇలా రోజుకి పదిసార్లు నిన్ను తిడతాను. తిట్టి తిట్టి, రాసింది ఎవరే అని నన్ను నేనే అడుక్కుంటాను. రాసింది నేను, చదివింది నువ్వు. తప్పు నెట్టడానికి మూడో మనిషి లేడు.

ఒక్క పని చేసిపెట్టు. ఇంక ఏమీ అడగను, ఇల్లు కావాలన్నా, తోళ్ళు కావాలన్నా, ఏదైనా ఇచ్చేస్తాను. పని తప్పుతుందన్నాడు, పాపం అన్నాడు అని రాశావే, ఆ మాటలు నువ్వు కల్పించావని రాయి. నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడని రాయి. అది నా కూతురే కాదు, దాని మొహం చూడనని శాపం పెట్టి పోయాడని రాయి.

అదైతే మోయగలను.

అకులీనా